కాదనగలిగే మనిషికే ఆ కుర్చీ

అమెరికా ప్రభుత్వ కార్యాలయాలకు తాళాలు పడి ఉన్న రోజుల్లోనే, 2013 అక్టోబర్ 9న, అధ్యక్షుడు ఒబామా ఫెడరల్ రిజర్వ్ అధిపతిగా జానెట్ యెలెన్ పేరు ప్రకటించారు. షట్‌డౌన్ గొడవలో ఆ వార్త రెండు రోజులు కూడా నిలవలేదు. టీవీల్లో, మన వారాంతపు కబుర్లలో మొత్తం ఒబామాకేర్, అప్పుల పరిమితి గురించే. ఒబామా తన రెండో దఫాలో చేసిన నియామకాల్లో మన జేబుల మీద అందరికంటే ఎక్కువ కాలం ప్రభావం చూపేదిగా నాకు అనిపించింది మాత్రం ఇదే. అందుకే ఈసారి దీని గురించి రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒబామా ఎంచిన మనిషి సరైన మనిషి. ఎంచిన పద్ధతి మాత్రం సరైనది కాదు. ఈ రెండూ విడివిడిగా చూడాలి. మన దగ్గర ఒక అలవాటుంది. నాయకుడు మనవాడైతే నిర్ణయం, పద్ధతి అన్నీ మంచివే. పరాయివాడైతే రెండూ చెడ్డవే. నాయకుణ్ణి తూచే పద్ధతి అది కాదు.

ముందు, ఆ కుర్చీతో మనకేం పని అన్నది చూద్దాం. నేను ఆర్థికవేత్తను కాను. ఇంజనీరింగ్ చదివి, కన్సల్టెంటుగా ప్రాజెక్టు ప్రాజెక్టుకూ ఊళ్లు మారే ఐటీ వాణ్ణి. కానీ ఫెడ్ ఏం చేస్తే నాకేమవుతుందో 2013కు ముందరి ఐదేళ్లలో బాగా తెలిసొచ్చింది. 2008 డిసెంబర్ నుంచి ఫెడ్ వడ్డీ రేటు దాదాపు సున్నాగా ఉండేది. ఇక్కడ బ్యాంకులో దాచుకున్న డబ్బుకు వచ్చే వడ్డీతో నెలకో కాఫీ కూడా వచ్చేది కాదు. అదే సమయంలో ఇంటి లోను తీసుకున్నవాళ్లకు, పాత లోను మార్చుకున్నవాళ్లకు పండగ. 2012 చివర్లో 30 ఏళ్ల లోను మూడున్నర శాతం లోపు దొరికింది. 2013 ఆగస్టుకు అది నాలుగున్నర దాటింది. ఎందుకు దాటింది? 2013 మే 22న అప్పటి ఫెడ్ అధిపతి బెన్ బెర్నాంకి కాంగ్రెస్ కమిటీ ముందు ఒక మాట అన్నారు. నెలకు 8,500 కోట్ల డాలర్ల చొప్పున కొంటున్న బాండ్ల కొనుగోళ్లను రాబోయే సమావేశాల్లో తగ్గించే అవకాశం ఉందని. తగ్గించలేదు, తగ్గించవచ్చు అన్నారంతే.

ఆ ఒక్క మాటకు ఏమైందో మనందరం చూశాం. మే మొదట్లో డాలరుకు 54 దగ్గరున్న రూపాయి ఆగస్టు 28న 68 దాటింది. ఇంటికి డబ్బు పంపేవాళ్లు సంబరపడ్డారు. కానీ అదే రూపాయితో పెట్రోలు కొనుక్కునే తమ్ముడు, అప్పు చేసి ఇక్కడికి ఎం.ఎస్.కు పంపిన తండ్రి ఏమయ్యారు? ఫీజు డాలర్లలో కట్టాలి, అప్పు రూపాయల్లో తెచ్చుకోవాలి. మూడు నెలల్లో ఆ అప్పు నాలుగో వంతు పెరిగింది. తప్పంతా ఫెడ్‌ది కాదు. మన దేశపు కరెంట్ ఖాతా లోటు, బంగారం దిగుమతులు, అప్పట్లో ఢిల్లీలో చేతులు ముడుచుకు కూర్చున్న ప్రభుత్వం, అన్నీ ఉన్నాయి. కానీ అగ్గిపుల్ల గీసింది వాషింగ్టన్‌లోనే. కాబట్టి ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్నది అమెరికా పౌరుల గొడవ మాత్రమే కాదు. ఓటు లేని మనకూ అందులో వాటా ఉంది.

సరే, ఒక అధ్యక్షుడు కేంద్ర బ్యాంకు అధిపతిగా ఎంచిన మనిషి మంచివాడా కాదా అని ఎలా తేల్చాలి? పేరు ప్రకటించిన రోజు స్టాక్ మార్కెట్ ఎంత పెరిగిందన్నది కొలబద్ద కాదు. మార్కెట్‌కు చవక డబ్బు ఇచ్చేవాడెప్పుడూ దేవుడే. నా కొలబద్ద ఒకటే. తనను కుర్చీ ఎక్కించిన నాయకుడికి అవసరమైన రోజున ఈ మనిషి కాదని చెప్పగలడా? చరిత్ర చూస్తే మంచికైనా చెడుకైనా ఈ ప్రశ్నే తేల్చింది.

1970లో నిక్సన్ ఆర్థర్ బర్న్స్‌ను ఫెడ్ అధిపతిని చేశారు. బర్న్స్ పండితుడే, అనుభవజ్ఞుడే. కానీ నిక్సన్‌కు సన్నిహితుడు. 1972 ఎన్నికల ముందు వడ్డీలు తక్కువగా ఉంచమని, డబ్బు వదలమని నిక్సన్ చేసిన ఒత్తిడి ఆయన సొంత టేపుల్లోనే రికార్డయి ఉంది. నిక్సన్ ఘనంగా గెలిచారు. చమురు సంక్షోభం కూడా తోడై 1974 చివరికి ధరల పెరుగుదల 12 శాతం దాటింది. ఎన్నికల్లో గెలుపు ఒకరిది, ఆ బిల్లు కట్టింది దేశం.

1979లో కార్టర్ పాల్ వోల్కర్‌ను తెచ్చారు. వోల్కర్ ధరల మెడ వంచడానికి వడ్డీ రేటును 20 శాతం దాకా తీసుకెళ్లారు. ఇళ్ల నిర్మాణం ఆగిపోయింది. బిల్డర్లు కోపంతో చెక్క ముక్కల మీద రాసి ఫెడ్‌కు పోస్టులో పంపారు. రైతులు ట్రాక్టర్లతో వచ్చి ఫెడ్ భవనాన్ని చుట్టుముట్టారు. కార్టర్ 1980 ఎన్నికల్లో ఓడిపోయారు, ఆ ఓటమికి ఈ వడ్డీలూ ఒక కారణం. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతానికి చేరింది. కానీ 13 శాతం దాటిన ధరల పెరుగుదల 1983 నాటికి నాలుగు శాతం లోపుకు దిగింది. రీగన్ మరో పార్టీ వాడైనా 1983లో వోల్కర్‌నే మళ్లీ నియమించారు. కార్టర్‌కు ఆ ఎంపిక కుర్చీ పోగొట్టి ఉండవచ్చు. దేశానికి మాత్రం ఆయన చేసిన గొప్ప మేలు అదే అని నా నమ్మకం.

మూడో ఉదాహరణ అలన్ గ్రీన్‌స్పాన్. 1987లో రీగన్ నియమించారు. తర్వాత వచ్చిన ముగ్గురు అధ్యక్షులూ, అందులో డెమొక్రాట్ అయిన క్లింటన్ కూడా, ఆయన్నే కొనసాగించారు. ఆయన ఎవరి మనిషీ కాదు, ఎవరి ఒత్తిడికీ లొంగాల్సిన అవసరం లేదు. కానీ ఒక సిద్ధాంతానికి లొంగిపోయారు. బ్యాంకులు తమ మేలు కోసమైనా తమను తాము కాపాడుకుంటాయని నమ్మారు. 2008 అక్టోబర్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, తన ఆలోచనా విధానంలో లోపం కనబడిందని ఒప్పుకున్నారు. అప్పటికే చేతులు కాలిపోయాయి. అందుకని నా కొలబద్దకు ఇంకో గీత చేర్చాలి. నాయకుడికే కాదు, వాల్ స్ట్రీట్‌కు కూడా కాదని చెప్పగలగాలి. తన సొంత నమ్మకం తప్పని తేలితే దానికీ కాదని చెప్పగలగాలి.

ఈ కొలబద్దతో ఒబామా ముందున్న ఇద్దరినీ చూద్దాం.

ఒబామా మనసులో మొదట ఉన్నది లారెన్స్ సమ్మర్స్ అన్నది బహిరంగ రహస్యం. సమ్మర్స్ తెలివితేటలను ఎవరూ ప్రశ్నించలేరు. క్లింటన్ హయాంలో ఆర్థిక మంత్రి, హార్వర్డ్ అధ్యక్షుడు, 2009, 2010లలో వైట్ హౌస్‌లో ఒబామాకు ముఖ్య ఆర్థిక సలహాదారు. మునిగిపోతున్న పడవలో ఇద్దరూ కలిసి నీళ్లు తోడినవాళ్లు. ఆ నమ్మకం సహజమే. కానీ రికార్డు చూడండి. 1998లో బ్రూక్స్‌లీ బోర్న్ అనే అధికారిణి డెరివేటివ్స్ మీద నియంత్రణ గురించి ఆలోచిద్దామంటే, గ్రీన్‌స్పాన్, రూబిన్‌లతో కలిసి ఆమెను అడ్డుకున్న వాళ్లలో సమ్మర్స్ ఒకరు. 1999లో బ్యాంకులకూ పెట్టుబడి సంస్థలకూ మధ్య ఉన్న పాత గోడను కూల్చిన చట్టాన్ని, 2000లో డెరివేటివ్స్‌ను నియంత్రణకు దూరంగా ఉంచిన చట్టాన్ని సమర్థించారు. ఎనిమిదేళ్ల తర్వాత ఆ డెరివేటివ్స్‌లోనే కూరుకుపోయిన ఏఐజీని ప్రజల డబ్బుతో బయటికి లాగాల్సి వచ్చింది. మధ్యలో ఆయన ఒక హెడ్జ్ ఫండ్‌కు పనిచేశారు.

ఇంకో సంగతి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2005 ఆగస్టులో జాక్సన్ హోల్‌లో గ్రీన్‌స్పాన్‌కు వీడ్కోలు లాంటి సభ జరిగింది. అక్కడ ఐఎంఎఫ్ ముఖ్య ఆర్థికవేత్తగా ఉన్న మన రఘురామ్ రాజన్, ఈ కొత్త ఆర్థిక పరికరాల వల్ల ప్రమాదం తగ్గడం లేదు, పెరుగుతోంది అని పేపరు చదివారు. పెళ్లిలో చావు కబురు చెప్పినట్టయింది. రాజన్ మీద గట్టిగా విరుచుకుపడిన వారిలో సమ్మర్స్ ఒకరు. ఆ ఆలోచనే ప్రగతికి అడ్డమన్న ధోరణిలో మాట్లాడారు. మూడేళ్లలో ఎవరి మాట నిజమైందో లోకానికి తెలుసు.

యెలెన్ రికార్డు వేరు. బ్రూక్లిన్‌లో డాక్టరు గారి అమ్మాయి. యేల్‌లో జేమ్స్ టోబిన్ దగ్గర పీహెచ్‌డీ చేసి, తర్వాత బర్క్‌లీలో చాలాకాలం పాఠాలు చెప్పారు. 1994 నుంచి 1997 వరకు ఫెడ్ బోర్డు సభ్యురాలు, 2004 నుంచి 2010 వరకు శాన్ ఫ్రాన్సిస్కో ఫెడ్ అధ్యక్షురాలు, ఆ తర్వాత ఫెడ్ ఉపాధ్యక్షురాలు. అంటే ఈ కుర్చీకి కావాల్సిన ప్రతి మెట్టూ ఎక్కి వచ్చారు. మన భాషలో చెప్పాలంటే డెవలపర్‌గా మొదలుపెట్టి, ప్రొడక్షన్ సపోర్ట్ చేసి, అర్ధరాత్రి ఫోన్లు ఎత్తి, అప్పుడు డైరెక్టర్ అయిన మనిషి.

ఫెడ్ సమావేశాల్లో ఎవరు ఏమన్నారో ఐదేళ్ల తర్వాత అక్షరం అక్షరం బయటపెడతారు. 2007 నాటి మాటలు 2013 జనవరిలో బయటికొచ్చాయి. 2007 డిసెంబర్ సమావేశంలో యెలెన్, అప్పులు పుట్టని పరిస్థితి, మాంద్యం రెండూ నిజంగానే ముంచుకొచ్చే ప్రమాదం ఉందని హెచ్చరించారు. మాంద్యం మొదలైంది సరిగ్గా ఆ నెలలోనే అని తర్వాత అధికారికంగా తేలింది. 2009 నుంచి 2012 వరకు ఫెడ్ అధికారులు వేసిన అంచనాలను 2013 వేసవిలో వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్కగట్టి చూస్తే, అందరిలోకీ యెలెన్ అంచనాలే నిజానికి దగ్గరగా ఉన్నాయి.

ఆమె కూడా దేవత కాదు. ఇళ్ల ధరల బుడగ అందరికంటే పెద్దగా ఉబ్బిన కాలిఫోర్నియా, నెవాడా, అరిజోనాలు ఆమె శాన్ ఫ్రాన్సిస్కో జిల్లాలోనే ఉన్నాయి. ఇళ్ల ధరల గురించి మాట్లాడారు కానీ, అవి కూలితే మొత్తం బ్యాంకింగ్ వ్యవస్థే కూలుతుందని ఊహించలేకపోయారు. అయితే 2010లో సంక్షోభ విచారణ కమిషన్ అడిగినప్పుడు, ఆ ముప్పు నాకు ముందుగా కనిపించలేదు అని నేరుగా చెప్పారు. నియంత్రణ అధికారులకు కఠినమైన నియమాలు ఉండాలన్న పాఠం నేర్చుకున్నానన్నారు. కుర్చీలో ఉన్నవాళ్ల నోట ఈ మాట వినడం ఎంత అరుదో మనకు తెలుసు.

యెలెన్‌కు వ్యతిరేకంగా వేసవి అంతా నడిచిన గుసగుసలు వినే ఉంటారు. ఆమెకు హుందాతనం చాలదట, గట్టిదనం చాలదట, మరీ మెల్లగా మాట్లాడతారట. మన ఆఫీసుల్లో ప్రమోషన్ల సమయంలో ఆడవాళ్ల గురించి వినిపించే మాటలే ఇవి. పని గురించి చెప్పడానికి ఏమీ దొరకనప్పుడు గొంతు గురించి చెబుతారు. అప్పటికి వందేళ్ల ఫెడ్ చరిత్రలో ఒక్క మహిళ కూడా అధిపతి కాలేదు. అందుకు ఆమెను ఎంచాలని నేను అనను. అదే కారణంగా ఆమెను తప్పించబోయారన్న అనుమానం రావడమే ఒబామాకు మచ్చ.

ఇక్కడే నేను పద్ధతిని తప్పుపడుతున్నాను. జూన్‌లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఒబామా, బెర్నాంకి తాను అనుకున్నదానికంటే ఎక్కువ కాలమే ఉన్నారని చెప్పి, ఉన్న మనిషిని నిలబెట్టే సాగనంపారు. ఆ తర్వాత మూడు నెలలు ఇద్దరు పండితులను వీధి పందెంలో కోళ్లలా వదిలారు. సుమారు 20 మంది డెమొక్రాట్ సెనేటర్లు యెలెన్‌ను సమర్థిస్తూ లేఖ రాశారు. జూలై చివర్లో సొంత పార్టీ ఎంపీలతో సమావేశంలో ఒబామా సమ్మర్స్‌ను వెనకేసుకొచ్చారు. అప్పట్లో సెనేట్ బ్యాంకింగ్ కమిటీలో డెమొక్రాట్లు 12, రిపబ్లికన్లు 10. సొంత పార్టీలోనే ముగ్గురు నలుగురు వ్యతిరేకిస్తారని తేలేసరికి సెప్టెంబర్ 15న సమ్మర్స్ తనే తప్పుకున్నారు. అప్పుడు యెలెన్ పేరు వచ్చింది. మంచి పని చేశారు, కానీ మిగతా దారులన్నీ మూసుకుపోయాక చేశారు. మొదటి నెలలోనే ప్రకటించి ఉంటే అది ఒబామా ఎంపిక అయ్యేది. ఇప్పుడు అందులో సగం సెనేటర్లది.

అయినా ఈ గొడవ మొత్తంలో నాకు బాగా నచ్చింది కూడా అదే. దేశాధ్యక్షుడికి ఇష్టమైన మనిషిని సొంత పార్టీ వాళ్లే రికార్డు ముందు పెట్టి ఆపగలిగారు. యెలెన్ సెనేట్ కమిటీ ముందు కూర్చుని, కెమెరాల ముందు, ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పాల్సి వచ్చింది.

ఇదే పని మన దేశంలో ఎలా జరుగుతుంది? 1934 నాటి రిజర్వ్ బ్యాంక్ చట్టం ప్రకారం గవర్నర్‌ను కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది. పార్లమెంటు విచారణ లేదు, ఓటింగ్ లేదు. 2013 ఆగస్టు 6న రాజన్ పేరు ఒక ప్రకటనగా వచ్చింది, సెప్టెంబర్ 4న కుర్చీలో కూర్చున్నారు. రాజన్ గొప్ప ఎంపికే, ఆ విషయంలో మన్మోహన్ సింగ్‌కు మార్కులు వేస్తాను. కానీ మంచి మనిషి రావడం మన అదృష్టమైంది, మన వ్యవస్థ కాలేదు.

అదృష్టం అని ఎందుకంటున్నానంటే, రాజన్‌కు ముందు పదేళ్లు ఆ కుర్చీలో ఉన్న ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరూ ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్‌లే. 2003 నుంచి 2008 వరకు వై.వి.రెడ్డి గారు. ఊపు మీదున్న రోజుల్లో రియల్ ఎస్టేట్ అప్పులకు కళ్లెం వేసి, బ్యాంకుల చేత ఎక్కువ మూలధనం పక్కన పెట్టించారు. అప్పుడు ఆయన్ను ఛాందసుడన్నారు. లేమన్ కూలాక మన బ్యాంకులు నిలబడితే అదే నోటితో మెచ్చుకున్నారు. ఆయన తర్వాత దువ్వూరి సుబ్బారావు గారు. నేరుగా ఆర్థిక శాఖ కార్యదర్శి కుర్చీలోంచి వచ్చారు కాబట్టి ప్రభుత్వం చెప్పినట్టు ఆడతారనుకున్నారు. ఆయన 2010 మార్చి నుంచి 2011 అక్టోబర్ వరకు 13 సార్లు వడ్డీ రేట్లు పెంచారు. ఆ తర్వాత రేట్లు తగ్గించడం లేదని విసుగెత్తిన చిదంబరం, అవసరమైతే ఒంటరిగానే నడుస్తామని బాహాటంగా అన్నారు. సుబ్బారావు గారు దిగిపోయే ముందు ముంబై ఉపన్యాసంలో దానికి నవ్వుతూనే జవాబిచ్చారు. విసుగొచ్చి ఒంటరిగా నడకకు వెళ్లినా, రిజర్వ్ బ్యాంక్ ఉన్నందుకు దేవుడికి దండం అని ఆర్థిక మంత్రి ఏదో ఒక రోజు అంటారని ఆశపడ్డారు.

సుబ్బారావు గారి నిర్ణయాలన్నీ ఒప్పని నేను అనడం లేదు. ధరలు ఆయన చేతికి పూర్తిగా చిక్కలేదు. కానీ నియమించినవాళ్లకు కాదని చెప్పిన ఇద్దరు తెలుగు అధికారులు మన కళ్ల ముందున్నారు. వాళ్లను నిలబెట్టింది వాళ్ల వ్యక్తిత్వం. రేపు అలాంటి మనిషి రాకపోతే అడిగే వేదిక మన దగ్గర లేదు. పార్లమెంటు కమిటీ ముందు ఒక్క రోజు బహిరంగ విచారణ పెట్టడానికి ఖర్చేమీ కాదు.

మళ్లీ యెలెన్ దగ్గరికి వద్దాం. ఆమె చేతికి వచ్చింది పూల కుర్చీ కాదు. సంక్షోభానికి ముందు 90 వేల కోట్ల డాలర్ల లోపున్న ఫెడ్ ఖాతా పుస్తకం 2013లో 3 లక్షల 70 వేల కోట్లు దాటింది. ఆ సెప్టెంబర్‌లో నిరుద్యోగం 7.2 శాతం. 2009 అక్టోబర్ నాటి 10 శాతంతో పోలిస్తే మేలే, కానీ ఉద్యోగం వెతకడమే మానేసినవాళ్లు ఆ లెక్కలో లేరు. చవక డబ్బు షేర్లున్నవాడికి చేసినంత మేలు జీతం మీద బతికేవాడికి చేయలేదు. ఉద్యోగాల కోసం ధరల విషయంలో ఉదాసీనంగా ఉంటారేమో అని అప్పట్లో ఆమె మీద ఉన్న విమర్శ కొట్టిపారేయదగింది కాదు. అప్పుడు సెనేటర్లు ఆమెను అడగాల్సింది ఇదే. ధరలు కదలడం మొదలైతే, ఉద్యోగాలు ఇంకా రాకముందే, 2016 ఎన్నికల ముందు, మీ పార్టీ అధ్యక్షుడు వద్దంటున్నా రేటు పెంచగలరా? తర్వాతి బుడగ కనబడితే పార్టీ జరుగుతుండగానే లైట్లు ఆర్పగలరా?

భారతదేశం కోసం ఆమె నిర్ణయాలు మార్చుకుంటారని ఆశ పడాల్సింది కాదు. చట్టం ఆమెకు ఇచ్చిన పని అమెరికా ధరలు, అమెరికా ఉద్యోగాలు. మన ఇల్లు మనమే సర్దుకోవాలి. రాజన్ 2013 నవంబర్ 30 వరకు ఎన్‌ఆర్‌ఐ డాలర్ డిపాజిట్లకు బ్యాంకులకు వెసులుబాటు ఇచ్చింది అందుకే. అప్పట్లో మీలో కొందరికి బ్యాంకుల నుంచి ఫోన్లు వచ్చి ఉండవచ్చు. ఆ రోజుల్లో రూపాయి 61, 62 దగ్గరికి తిరిగొచ్చిందంటే గాలి కాస్త నెమ్మదించిందని అర్థం, వాన రాదని కాదు.

మిత్రులారా, ఇక్కడ పౌరసత్వం ఉన్నవాళ్లు మీ సెనేటర్‌కు నాలుగు వాక్యాలు రాయండి. ఫెడ్ అధిపతిని ఎంచేటప్పుడు పై రెండింటి లాంటి ప్రశ్నలు అడగమని రాయండి. పౌరసత్వం లేనివాళ్లం కనీసం అలాంటి విచారణలు చూద్దాం. చూసి, ఇండియాలో మన ఓటు అడగడానికి వచ్చే ప్రతి ఎంపీ అభ్యర్థినీ, రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌ను మీరెందుకు ప్రశ్నలు అడగరని నిలదీద్దాం.

ఒబామాకు నేను వేసే మార్కులు ఇవీ. ఎంపికకు పదికి ఎనిమిది, పద్ధతికి నాలుగు. మిగిలిన మార్కులు యెలెన్ ఆయనకు మొదటిసారి కాదని చెప్పే రోజు కోసం అట్టిపెట్టుకున్నాను.